బొగ్గు బస్తాలు కొనే ముందు మీ పత్తికట్టె లెక్క చూడండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్గొండ జిల్లా మునుగోడు దగ్గర పల్లె. నాలుగెకరాల ఎర్ర చెలక. మూడెకరాలు పత్తి పెడతం, సాళ్ల నడుమ కంది. బోరు కింద ఒక ఎకరం టమాట, బీర. రెండు బర్రెలున్నయి. మా ఆయన హైదరాబాదుల డ్రైవరు, ఎవుసం నేనూ మా మామయ్యే చూసుకుంటం. భూసార పరీక్ష కార్డుల పీహెచ్ 6.8, సేంద్రియ కర్బనం 0.32 అని ఉంది. మొన్న ఊర్లెకు ఒకాయన వచ్చి బయోచార్ అని నల్ల బస్తాలు అమ్ముతున్నడు. 40 కిలోల బస్తా 1,200 రూపాయలు. ఎకరానికి పది బస్తాలు చల్లితే నీళ్లు సగం సరిపోతయి, ఎరువుల ఖర్చు సగం తగ్గుతది అంటున్నడు. మా పత్తికట్టె కూడా వాళ్లే తీసుకొని బొగ్గు చేసుకుంటరట, దానికి పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ జిరాక్సు ఇయ్యమంటున్నడు. మామయ్యేమో "బొగ్గుకు పైసలు పెట్టుడేంది, కట్టె చేన్లనే కాలబెడితే అదే బలం" అంటడు. ఇంతల మా మరిది రైసుమిల్లు నల్ల బూడిద కూడా బయోచారే అని తెచ్చి టమాట నారుమడిల పోసిండు. కొత్త ఆకులు తెల్లగ పాలిపోయినయి, ఈనెలు మాత్రం పచ్చగనే ఉన్నయి. ఎవరి మాట వినాలె? బస్తాలు కొనాల్నా, వద్దా?
– ఒక మహిళా రైతు, నల్గొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, బస్తాల సంగతి తర్వాత. నారుమడి ఆగదు కాబట్టి ముందు అది చూద్దాం.

కొత్త ఆకు పాలిపోయి ఈనెలు పచ్చగా మిగిలాయంటే మొక్కకు ఇనుము అందడం లేదని అర్థం. ఎర్ర నేలలో ఇనుముకు కరువు లేదు. మిల్లు బూడిదకు క్షారగుణం ఎక్కువ. అది పడ్డాక వేరు దగ్గర పీహెచ్, అంటే మట్టి పులుపు-క్షారాల కొలత, పెరిగిపోయింది, ఉన్న ఇనుమును మొక్క పీల్చుకోలేకపోతోంది. కింది ముదురాకులు ముందు పసుపెక్కి ఉంటే నత్రజని లోపం అనేవాణ్ని, మీరు రాసిన లక్షణం అది కాదు. మడి మీద బూడిద ఇంకా పొరగా కనిపిస్తుంటే మెల్లగా గీరి తీసేయండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపొద్దున గానీ సాయంత్రం గానీ ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. లేత నారు కదా, ముందు మడిలో ఒక మూలన కొట్టి, మర్నాడు ఆకులు మాడలేదని చూసుకొని మిగతాదానికి కొట్టండి. వారానికి ఇంకోసారి. మందు నీళ్లు ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంచితే తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతాయి.

మీ మరిదిని తిట్టకండి. మిర్యాలగూడ వైపు మిల్లుల నుంచి వచ్చే ఆ బూడిద చూడ్డానికి నల్లగానే ఉంటుంది, చాలామంది పొరబడతారు. బాయిలర్లో ఊక బాగా మండిపోయాక మిగిలేదాంట్లో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కాలీకాలక మిగిలిన కాస్త కర్బనం వల్ల ఆ నలుపు. అది విషం కాదు, కానీ బయోచార్ కూడా కాదు. బయోచార్ అంటే గాలి సరిగా అందకుండా కట్టెను కాల్చి చేసే బొగ్గు. నారుమడిలో, కుండీల్లో అసలే వద్దు.

ఇక మామయ్యగారి మాట. అందులో సగం నిజం ఉంది. చేలో కట్టె కాలిస్తే పొటాష్, కాల్షియం బూడిదలో మిగులుతాయి, ఆ కాల్చిన చోట మరుసటి ఏడు పైరు కాస్త ఏపుగా కనిపిస్తుంది కూడా. ఆయన చూసింది అదే. కనిపించకుండా పోయింది పొగలో పోయింది. నత్రజని దాదాపు అంతా, గంధకంలో చాలా భాగం, కట్టెలోని కర్బనంలో 97 శాతం దాకా. మంటలో మిగిలే కర్బనం 3 శాతం మాత్రమే. అదే కట్టెను గాలి సరిగా అందకుండా కాలిస్తే సగం కర్బనం బొగ్గుగా నిలబడుతుంది, మట్టిలో వేస్తే వందల ఏళ్లు ఉంటుంది. మీ కార్డులో సేంద్రియ కర్బనం 0.32. అర శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ కిందే లెక్క. ఇంత తక్కువ ఉన్న చెలకలో కర్బనాన్ని ఏటా ఆకాశానికి పంపడం మంచిది కాదని ఆయనకు మీరే నెమ్మదిగా చెప్పండి. పైసలు పెట్టి బొగ్గు కొనొద్దన్న మాటలో మాత్రం నేను ఆయన పక్షమే.

ఎందుకో చెప్తాను. బయోచార్ ఎరువు కాదు. కట్టె కాలేటప్పుడే అందులోని నత్రజని చాలావరకు ఎగిరిపోతుంది. మిగిలేది సన్నటి రంధ్రాలతో నిండిన కర్బనపు గూడు. నీటిని, పోషకాలను పట్టి ఉంచడం, సూక్ష్మజీవులకు చోటివ్వడం దాని పని. గాదె కట్టినంత మాత్రాన గింజలు రావు కదా. పైగా ఇది ఖాళీగా ఊరుకునే గాదె కూడా కాదు, కొత్త బొగ్గును అలాగే పొలంలో పోస్తే చుట్టుపక్కల మట్టిలో ఉన్న నత్రజనిని ముందు తనే పట్టేసుకుంటుంది. ఆ పంట పసుపెక్కి, గిడసబారి, "బయోచార్ వేస్తే ఉన్నది కూడా పోయింది" అని రైతు తిట్టుకుంటాడు. అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇదే. బొగ్గుకు ముందు తిండి పెట్టాలి, ఆ తర్వాతే నేలకు ఇవ్వాలి.

బయోచార్ గురించి మాట్లాడేవాళ్లంతా బ్రెజిల్లో అమెజాన్ అడవుల్లోని నల్లమట్టిని ఉదాహరణగా చూపిస్తారు. అక్కడి ఆదివాసులు వందల ఏళ్ల పాటు చేసిన నేల అది. చుట్టూ వానలకు సారమంతా కడుక్కుపోయిన పసుపు నేలలు, మధ్యలో అక్కడక్కడా నల్లటి సారవంతమైన మట్టి. డచ్చి నేల శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ 1960లలోనే దాని గురించి రాశాడు. ఆ మట్టిలో ఒక్క బొగ్గే ఉందనుకుంటే పొరపాటు. చేపల ముళ్లు, జంతువుల ఎముకలు, ఇంటి చెత్త, మలమూత్రాలు, బూడిద, కుండపెంకులు అన్నీ కలిసి మాగిన మట్టి అది. అమెజాన్ దాకా ఎందుకు, మీ మామయ్యను పాటిమన్ను గురించి అడగండి. ఊరు ఖాళీ అయిపోయిన పాత దిబ్బల మీది మట్టిని బండ్లకెత్తి చేలకు తోలడం ఆయన తరం వాళ్లకు బాగా తెలిసి ఉంటుంది. ఆ మట్టిని చేతిలోకి తీసుకొని చూస్తే పొయ్యి బొగ్గు తునకలు, పెంకులు, ఎముక ముక్కలు, పేడ మాగిన నలుపు, అన్నీ కనిపిస్తాయి. మీకు బయోచార్ అర్థం కావడానికి అంతకంటే మంచి నమూనా లేదు. వట్టి బొగ్గు మాత్రమే తోలిన వాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు ఆ పది బస్తాల లెక్క. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి బరువు దాదాపు 900 టన్నులు ఉంటుంది. పది బస్తాలంటే 400 కిలోలు. చల్లి దున్నేస్తే వెయ్యి కిలోల మట్టికి అర కిలో బొగ్గు కూడా రాదు. దాంతో నీళ్లు సగానికి తగ్గుతాయన్నవాడు అబద్ధమైనా ఆడుతున్నాడు, లెక్కయినా రాదు. పరిశోధనల్లో నేలంతా చల్లి ఫలితం చూసినప్పుడు సాధారణంగా హెక్టారుకు 10, 20 టన్నులు వాడారు, అంటే ఎకరానికి 4 నుంచి 8 టన్నులు. ఆయన ధరకు నాలుగు టన్నులే 1,20,000 రూపాయలవుతాయి. ఆ డబ్బుకు చెలకలో పత్తి ఎన్నేళ్లు పండించాలో నాకంటే మీకే బాగా తెలుసు.

మరి అసలు పనిచేస్తుందా అంటే, కొన్ని నేలల్లో బాగా, కొన్నిట్లో ఏమీ లేదు. ప్రపంచమంతటా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2017లో చేసిన ఒక విశ్లేషణలో ఉష్ణదేశాల్లో దిగుబడి సగటున 25 శాతం పెరిగింది, చల్లటి దేశాల్లో సగటున పెరుగుదలే లేదు. మన పక్షానే ఉంది కదా అని సంబరపడే ముందు కారణం చూడాలి. ఆ ఉష్ణదేశపు నేలలు చాలావరకు పులిసిన ఆమ్ల నేలలు, పోషకాలు పట్టే శక్తి లేనివి. బొగ్గుకున్న క్షారగుణం సున్నంలా పనిచేసి వాటి పులుపు తగ్గించింది. మీ నేల పీహెచ్ 6.8. పులుపు లేదు, తగ్గించేదీ లేదు. ఆ లాభం మీకు రాదు. మీకు రాగలిగింది రెండోది, సారం నిలవని చెలకలో వేసిన ఎరువు, పోసిన నీళ్లు వేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగడం. అది చిన్న లాభమేమీ కాదు, కానీ అమ్మేవాడు చెప్పినంత పెద్దదీ కాదు. ఇదే ఉత్తరం నల్లరేగడి నుంచి వచ్చుంటే పశువుల పెంటే వేసుకోండి, బొగ్గు జోలికి పోకండి అని రెండు ముక్కల్లో ముగించేవాణ్ని. చౌడు నేలైతే గట్టిగా వద్దనేవాణ్ని, క్షారం మీద క్షారం పోసినట్టవుతుంది. దానికి మందు జిప్సం.

కొద్ది బొగ్గుతో పని జరిగే దారి ఒకటుంది, అది మీ బీర తోటకు సరిగ్గా సరిపోతుంది. నేపాల్లో గుమ్మడి మీద చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో హెక్టారుకు 750 కిలోల బొగ్గే వాడారు. ఎకరానికి 300 కిలోలు. నేలంతా చల్లలేదు, ఆవు మూత్రం పట్టించి ఒక్కో మొక్క వేరు కిందే పెట్టారు. బొగ్గు లేకుండా మూత్రం మాత్రమే ఇచ్చిన మొక్కల కంటే కాపు నాలుగు రెట్లు వచ్చింది. మూత్రం పట్టించని వట్టి బొగ్గు వేసిన వాటికంటే 85 శాతం ఎక్కువ. ఒక ఊరు, ఒక పంట, ఒక కాలం. మీ దగ్గర నాలుగు రెట్లు వస్తుందని నేను చెప్పను, ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ కిటుకు ఎక్కడుందో అది చూపించింది. బొగ్గును నానబెట్టాలి, పాదులోనే పెట్టాలి.

ఇక మీ ఇంటి లెక్క. ఎకరం పత్తికి ఎండు కట్టె టన్ను అటూ ఇటూ వస్తుంది. గొయ్యిలో జాగ్రత్తగా కాలిస్తే పావు వంతు బొగ్గు. అంటే ఒక్క ఎకరం కట్టెతోనే 250 కిలోలు, కాస్త ఎక్కువ కట్టె పడితే 300. మీ కూరగాయల ఎకరానికి కావాల్సింది అంతే! ఒక్క బస్తా కూడా కొనక్కర్లేదు. మిగతా రెండెకరాల కట్టె ట్రాక్టరు ష్రెడ్డరుతో నలగ్గొట్టించి నేలలో కలిపేయండి, ఈ ఏడు దాని జోలికి పోయి ఒళ్లు హూనం చేసుకోవద్దు. కందికట్టె మీ పొయ్యికి కావాలి, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, ఏ కట్టెనూ ఇంటి వెనక గుట్టపెట్టి వానాకాలం దాకా ఉంచకండి. దానికి వేలాడే ఎండుకాయల్లో గులాబీ పురుగు దాక్కుని మళ్లీ పంటకు తయారవుతుంది. బొగ్గు చేస్తే ఆ బాధ కూడా కట్టెతోనే పోతుంది.

గొయ్యి ఇలా తవ్వండి. పైన ఐదడుగుల వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ అడుగున రెండడుగులు, లోతు రెండున్నర నుంచి మూడడుగులు. గోడలు ఏటవాలుగా ఉండాలి, తడి మట్టితో గట్టిగా చరచాలి. కింది నుంచి గాలి దూరే సందు ఉండకూడదు, ఈ పని మొత్తంలో మెళకువ అదే. కట్టె వేళ్లకున్న మట్టి దులిపేసి మూరెడు మూరెడు ముక్కలు కొట్టండి. విరిస్తే పుటుక్కుమనాలి, వంగిందంటే ఇంకా పచ్చి ఉన్నట్టు, మరో వారం ఎండనివ్వండి.

అడుగున కొంచెం సన్నకట్టె పేర్చి పైనుంచి అంటించండి, కింది నుంచి కాదు. మంట బాగా లేచాక ఒక పొర కట్టె వేయండి. ఆ పొర అంతా నిప్పుకణికలై, అంచుల్లో తెల్లటి బూడిద పూత పట్టడం మొదలుకాగానే ఇంకో పొర. బూడిద కనిపించేదాకా ఆగకపోతే లోపల కట్టె కట్టెగానే మిగులుతుంది, మరీ ఆగితే బొగ్గంతా బూడిదవుతుంది. పైన మంట ఉన్నంతసేపూ అది గాలిలోని ఆక్సిజన్‌ను, లేచే పొగను తనే తినేస్తుంది, కింద బొగ్గు కాలకుండా భద్రంగా ఉంటుంది. అందుకే సరిగా నడిచే గొయ్యి నుంచి పొగ పెద్దగా రాదు. తెల్లటి దట్టమైన పొగ వస్తోందంటే కట్టె పచ్చిదైనా అయ్యుండాలి, ఒక్కసారే ఎక్కువైనా వేసుండాలి. లావు కట్టె మొదటి పొరల్లో, సన్నది చివర్లో.

గొయ్యి నిండాక ఆఖరి పొర మీద బూడిద కనపడగానే నీళ్లు. బోరు ఉంది కాబట్టి పైపు లాగి పెట్టుకోండి, లేదంటే ముందే రెండు మూడు డ్రమ్ములు నింపి ఉంచుకోండి. పైన చల్లి ఆరిందనుకుంటే లోపల రాజుకుంటూనే ఉంటుంది, పారతో తిరగేస్తూ పోయాలి. మట్టి కప్పి ఆర్పుతామంటారు కొందరు. చెలక మట్టి గుల్లగా ఉంటుంది, గాలి దూరి తెల్లారేసరికి సగం బూడిదై ఉంటుంది. ఒక గొయ్యి నిండితే వచ్చేది ఎండు లెక్కన క్వింటాలుకు కాస్త తక్కువే, అంటే మూడు నాలుగు సార్లు కాల్చాలి.

ఇక్కడ కొంచెం కఠినంగా చెప్పాలి. గడ్డివాముకు, కొట్టానికి, ఏరిన పత్తి పెట్టిన గదికి దూరంగా తవ్వండి. మధ్యాహ్నం గాలిలో వద్దు, తెల్లవారుజామున మొదలుపెట్టండి. నైలాన్, పాలిస్టర్ చీరతో మంట దగ్గరికి పోవద్దు, నూలుదే కట్టుకొని కొంగు బిగించండి. ఒక్కరే ఉండగా అంటించొద్దు. ఆర్పిన మర్నాడు కూడా చెయ్యి పెట్టి వేడి లేదని చూశాకే ఎత్తాలి. పొడి బొగ్గు దులిపితే లేచే నల్లదుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎప్పుడూ తడిపే పట్టుకోండి, మూతికి గుడ్డ కట్టుకోండి.

గొయ్యి ఇష్టం లేకపోతే డ్రమ్ము పద్ధతి ఉంది. హైదరాబాదు సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనం క్రిడా అంటామే, వాళ్లు 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ముకు అడుగున రంధ్రాలు చేసి పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెలతో బొగ్గు చేసే పద్ధతి రూపొందించారు. డ్రమ్ముకు తక్కువ పడుతుంది, ఎక్కువసార్లు కాల్చాలి. నా ఓటు గొయ్యికే, ఖర్చు లేదు కాబట్టి.

బొగ్గు సరిగా తయారైందో లేదో చేతులే చెబుతాయి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడి కావాలి. చేతులకంటిన నలుపు ఉత్త నీళ్లతో పోవాలి. జిడ్డుగా అంటుకొని సబ్బు పెడితే గానీ పోలేదంటే లోపల తారు మిగిలి ఉంది, పొగవాసన కూడా వస్తుంటుంది, ఆ ముక్కలు ఏరి మళ్లీ గొయ్యిలో వేయండి. ఇంకా అనుమానముంటే రెండు గ్లాసుల్లో మీ చేను మట్టి పోసి, ఒకదాంట్లో పిడికెడు బొగ్గు కలిపి రెంటిలోనూ పదేసి పెసలు వేయండి. రెండింటిలో ఒకే రకంగా మొలిస్తే భయం లేదు. బస్తాలవాడి సరుకును కూడా ఇలాగే పరీక్షించవచ్చు. అడిగితే ఒక గుప్పెడు ఇస్తాడు, ఇవ్వకపోతే అదే జవాబు.

ఇప్పుడు తిండి పెట్టడం. తడి బొగ్గును గోనెసంచిలో పోసి కాలితో తొక్కితే బఠాణీ గింజంత ముక్కలవుతుంది, పిండి చేయనక్కర్లేదు. మీకు రెండు బర్రెలు ఉండటం పెద్ద వరం. కొట్టంలో అవి మూత్రం పోసే వెనకవైపు ఆ బొగ్గును పలచగా పరవండి. మూత్రం పీల్చుకుంటుంది, ముక్కు మండే ఆ ఘాటు కూడా తగ్గుతుంది. రెండు మూడు రోజులకోసారి పేడతో కలిపి పెంటకుప్పలోకి ఎత్తేయండి. బొగ్గు ఒక గంప, పెంట మూడు గంపలు, ఈ లెక్కన పొరలు పొరలుగా వేయండి. పిడికిట్లో పట్టి పిండితే చుక్కలు కారకుండా చెయ్యి తడవాలి, అంత తడి చాలు. ఎండాకాలంలో పైన గడ్డి గానీ గోనెలు గానీ కప్పకపోతే ఎండిపోయి లోపల ఏ జీవీ బతకదు. జీవామృతం చేసే అలవాటుంటే నీళ్లకు బదులు అదే చల్లండి.

మాఘంలో కట్టె పీకి బొగ్గు చేస్తే రోహిణి కార్తె దాకా కుప్పలో నానుతుంది, మృగశిరకు పాదుల్లోకి పోతుంది. ఇప్పుడు నాటబోయే ఎండాకాలపు టమాటకు తొందరపడి వేయకండి. కనీసం నెల్లాళ్లన్నా కుప్పలో ఉండాలి, మీకు నాలుగు నెలలు దొరుకుతున్నాయి, అంతా వాడుకోండి. ఒక జాగ్రత్త, కొత్త బొగ్గులో యూరియా కలిపి నానబెట్టమని వీడియోల్లో చెబుతున్నారు. బూడిద అంటుకున్న తాజా బొగ్గుకు క్షారగుణం ఎక్కువ, యూరియాలోని నత్రజని అమోనియాగా గాలిలోకి పోతుంది. పేడ, మూత్రం చాలు.

బీరకు వరుసల మధ్య రెండు మీటర్లు, పాదుల మధ్య మీటరు పెడితే అర ఎకరంలో వెయ్యి పాదులు వస్తాయి. పాదుకు నాలుగైదు లీటర్లు పట్టే చిన్న గంపెడు మిశ్రమం, అందులో బొగ్గు 150 గ్రాములు ఉంటుంది. విత్తనం కింద జానెడు లోతులో మట్టితో కలిపి వేయండి, పైపైన పోస్తే తేలికది కదా, మొదటి గట్టి వానకే కొట్టుకుపోతుంది. మిగిలిన అర ఎకరం టమాటకు నాటే గుంటలో దోసెడు. అంతటితో మీ 300 కిలోలు సరి.

కానీ మొత్తం ఒకేసారి వేసేయకండి. ప్రతి ఐదు సాళ్లకు ఒక సాలు వదిలేయండి, దానికి బొగ్గు లేని పెంట, అంతే గంపెడు వేయండి. ఇది ముఖ్యం. చాలామంది ఒక పక్క బొగ్గూ పెంటా వేసి, రెండో పక్క ఏమీ వేయకుండా చూసి, వచ్చిన లాభమంతా బొగ్గు ఖాతాలో రాస్తారు. అది పెంట చేసిన మేలు కావచ్చు కదా? కర్రలకు రంగు గుడ్డలు కట్టి సాళ్లు గుర్తు పెట్టుకోండి. కోసిన ప్రతిసారీ రెండూ వేరువేరుగా తూకం వేసి పిల్లల నోటుబుక్కులో రాయండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఏ సాలు ఆకు ముందు వాలుతోందో కూడా చూడండి. తేడా లేకపోతే వచ్చే ఏడు ఈ శ్రమ మానేయండి, నష్టమేమీ లేదు, పెంట ఎలాగూ నేలకే పోయింది. తేడా ఉంటే మళ్లీ అదే పాదుల్లో వేయనక్కర్లేదు, బొగ్గు అక్కడే ఉంటుంది, కొత్త చోట వేసుకోండి.

పత్తి చేలోకి ఎప్పుడైనా తీసుకెళ్తే ఒకటి గుర్తుంచుకోండి, విత్తగానే కొట్టే గడ్డిమందును బొగ్గు పట్టేసుకుంటుంది. మందు పనితనం తగ్గి గడ్డి లేస్తుంది. పత్తికి ఇప్పట్లో వద్దనడానికి అదొక కారణం.

నీళ్లే మీ అసలు బాధైతే బొగ్గు కంటే ముందు చూడాల్సింది చెరువు మట్టి. ఎర్ర చెలకకు బంకమట్టి కలిస్తే నీరు నిలిచే గుణం మారుతుంది, ఇది మన పెద్దలు ఎప్పట్నుంచో చేస్తున్నదే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి తోలుకున్న చెలకల రైతులు మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు, వాళ్ల చేలు చూసి రండి. తోలే ముందు ఆ మట్టిని కూడా పరీక్షకు ఇవ్వండి, కొన్ని చెరువుల మట్టిలో ఉప్పు ఉంటుంది. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం మీ జిల్లాలోదే, మట్టి విషయం, బొగ్గు విషయం రెండూ అక్కడ అడగవచ్చు.

చివరగా ఆ జిరాక్సుల సంగతి. బొగ్గు చేసి నేలలో వేస్తే ఆ కర్బనాన్ని లెక్కగట్టి కార్బన్ క్రెడిట్లుగా విదేశీ కంపెనీలకు అమ్మే వ్యాపారం ఉంది, అది మోసమేమీ కాదు, నిజంగా నడిచేదే. పాసుపుస్తకం అడుగుతున్నాడంటే అదే అయ్యుండవచ్చు. ఆయన్ని నాలుగు మాటలు అడగండి. నా కట్టెతో చేసిన బొగ్గు తిరిగి నా చేనుకే వస్తుందా? క్రెడిట్ల డబ్బులో నాకెంత, ఎప్పుడు? ఒప్పందం ఎన్నేళ్లు? ఆ ఏళ్లలో నా భూమి మీద నేను చేయకూడని పని ఏదైనా ఉందా? జవాబులు తెలుగులో కాగితం మీద రాసిమ్మనండి, మీ ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చూపించి, మీ ఆయన ఇంటికొచ్చినప్పుడు కూర్చొని చదవండి. నచ్చి ఇచ్చినా జిరాక్సు మీద అడ్డంగా ఏ పని కోసం, ఎవరికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేశాకే ఇవ్వండి. తెల్ల కాగితం మీద మాత్రం మామయ్యను వేలిముద్ర వేయనివ్వకండి.